ఇల్లు–వాకిలి: ఆన్‌లైన్‌లో ఇల్లు వెతుకుతున్న పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తిరుపతిలోనూ చుట్టుపక్కలా ఇళ్లు, ఇళ్లస్థలాల కోసం ఇంటర్నెట్ ప్రకటనలు చూస్తున్న వారివే కాబట్టి, ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాము. పేర్లు ప్రచురించవద్దని కోరినందున ఊళ్లు మాత్రమే ఇస్తున్నాము.

ప్రశ్న: మా దంపతులిద్దరం ఉపాధ్యాయులం. అమ్మాయి చదువు కోసం వచ్చే వేసవిలోపు తిరుపతికి మారాలనుకుంటున్నాము. మావారి ఉద్యోగం మాత్రం ఇంకో రెండేళ్లు చిత్తూరులోనే. ఖర్చులన్నీ కలిపి 60 లక్షలలో రెండు పడకగదుల ఫ్లాటు కొనాలని మూడు నెలలుగా రోజూ రాత్రి ఫోన్‌లో ప్రకటనలు చూస్తున్నాము. ఇప్పటికి మూడు వందలు దాటి ఉంటాయి. ఆదివారాల్లో వెళ్లి ఆరు ఫ్లాట్లు చూశాము. ఒక్కటీ ఫోటోలో ఉన్నట్టు లేదు. మేము వెతికే తీరులోనే పొరపాటు ఉందా? (ఒక పాఠకురాలు, చిత్తూరు)

జవాబు: పొరపాటు మీరు పాటిస్తున్న వరసలో ఉంది. ముందు ఫోటో, తర్వాత ధర, ఆ తర్వాత ప్రయాణం, ఇల్లు నచ్చితే చివరికి కాగితాలు. దాదాపు అందరూ ఇదే దారిలో వెళ్తారు, అందుకే ఆదివారాలు కరిగిపోతాయి. కాగితాలకు సంబంధించిన మూడు నాలుగు వివరాలను ముందుగా ఫోన్‌లోనే అడిగి, అవి చెప్పినవారి ఇంటికి మాత్రమే బయలుదేరే పద్ధతి పెట్టుకోండి. మీకూ తిరుపతికీ మధ్య సుమారు డెబ్భై కిలోమీటర్ల దూరం ఉంది. భవనం పేరు, వీధి, డోర్ నంబరు చెప్పడానికి ఇష్టపడని మనిషి కోసం అంత దూరం రావలసిన పని లేదు.

అయితే అంతకన్నా ముందు ‘తిరుపతి’ అనే మాటను చిన్నది చేసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పాత నెల్లూరు జిల్లాలోని గూడూరు, సూళ్లూరుపేట వైపు ప్రాంతాలు కూడా అందులో చేరాయి కాబట్టి, వెతికే చోట ఒట్టి ఊరి పేరు కొడితే శ్రీహరికోట దగ్గరి స్థలం కూడా మీ ముందుకు రావచ్చు. మీవారు రోజూ చిత్తూరు వెళ్లి రావాలి గనుక, చంద్రగిరి దారికి దగ్గరగా ఉండే ఎం.ఆర్.పల్లె, తుమ్మలగుంట, అవిలాల వంటి ప్రాంతాలతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. కరకంబాడి రోడ్డు వైపు కానీ రేణిగుంట రోడ్డు వైపు కానీ కొంటే ఆయన ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊరంతా దాటవలసి వస్తుంది. యాత్రికుల రద్దీ ఉన్న రోజుల్లో, బ్రహ్మోత్సవాల సమయంలో ఆ దాటడం ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

ప్రాంతాల పేర్లను కూడా ఒకే రూపంలో వెతికి ఊరుకోకండి. కపిలతీర్థం రోడ్డును కొందరు కె.టి. రోడ్డు అని రాస్తారు. ఇంగ్లీషులో తిరుపతి పేరు చివరి అక్షరాన్ని కొందరు ‘హెచ్’తో, కొందరు అది లేకుండా రాస్తారు. ‘పల్లె’కు ఎవరి స్పెల్లింగ్ వారిది. ప్రకటనలు పెట్టడం అలవాటు లేని సొంతదారు ఏదో ఒక స్పెల్లింగ్‌తో పెట్టిన ప్రకటనను చూసేవారు తక్కువగా ఉంటారు గనుక, బేరానికి అనువైన ఇల్లు అక్కడే దొరికే అవకాశం ఉంది. మరొక మాట, ‘ఎయిర్ బైపాస్ రోడ్డు’ అని చూసి విమానాశ్రయం పక్కన అనుకోకండి. ఆ పేరు ఆకాశవాణి కేంద్రం వల్ల వచ్చింది. విమానాశ్రయం రేణిగుంటలో ఉంది.

ఇక ధర విషయం. మన రాష్ట్రంలో అమ్మకపు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదలాయింపు సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, అంటే మొత్తం 7.5 శాతం చెల్లించాలి. ఫ్లాటు 55 లక్షలైతే ఈ ఖర్చే 4,12,500 రూపాయలు. ఖర్చులన్నీ కలిపి 60 లక్షలన్నారు కాబట్టి ఫ్లాటు ధర 55 లక్షలు దాటకూడదు. అయినా వెబ్‌సైట్‌లో గరిష్ఠ ధరను 60 దగ్గరే పెట్టండి, ఎందుకంటే బేరానికి చోటు ఉంచుకోకుండా ధర రాసే అమ్మకందారు అరుదు. తూర్పు ముఖం, లిఫ్టు, కారు పార్కింగ్, ఎన్నో అంతస్తు అనే గడులన్నింటిలో టిక్కు పెట్టకండి. ప్రకటన వేసేవారిలో చాలామంది ఆ గడులు నింపరు, నింపని ప్రకటన మీకు కనిపించకుండా పోతుంది. ప్రాంతం, ధర, పడకగదులు, ఈ మూడింటితో వెతికి, కొత్తవి పైన వచ్చేలా అమర్చుకుని, మిగతావి చదివి తెలుసుకోవాలి.

మూడు వందల ప్రకటనలంటే మూడు వందల ఇళ్లు అనుకోకండి. ఒకే ఫ్లాటును ముగ్గురు నలుగురు మధ్యవర్తులు, ఒక్కోసారి ‘సొంతదారు’ అనే ముద్రతోనే, వేర్వేరు ధరలకు పెడతారు. కిటికీ గ్రిల్లు డిజైను, వంటగట్టు రాయి రంగు, నేల టైల్సు చూస్తే అదే ఇల్లని పట్టుకోవచ్చు. ఒక నోటు పుస్తకం పెట్టుకుని ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ ఇచ్చి, ప్రకటన కనిపించిన తేదీ, ధర, ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు రాసుకోండి. నెల తిరిగేసరికి ఏ ఇల్లు అమ్ముడుపోకుండా నిలిచి ఉందో, ఎవరు ధర తగ్గించారో మీ పుస్తకమే చెబుతుంది.

ఫోటోలను చూసి ఇల్లు ఎంచుకోవడం తప్పు, కానీ ఫోటోలను చదవడం చాలా అవసరం. కొన్నేళ్ల క్రితం మా తమ్ముడి కోసం నేనే ఒక ఫ్లాటు ప్రకటన చూశాను. దాని కింద ‘నిన్న పెట్టినది’ అని ఉంది. హాలు విశాలంగా, గోడలు తెల్లగా మెరిసిపోతున్నాయి. సాయంత్రమే అడ్వాన్సు ఇద్దామని తమ్ముడు తొందరపెట్టాడు. ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూస్తే, పూజగది తలుపు పక్కన మేకుకు వేలాడుతున్న తేదీల క్యాలెండర్ మీద ఆరేళ్ల కిందటి సంవత్సరం కనిపించింది. మరుసటి రోజు వెళ్లి చూశాము. ఆ హాలును మధ్యలో ప్లైవుడ్ గోడతో రెండు చేసి, ఒక భాగాన్ని అద్దెకు ఇచ్చి ఉన్నారు. పైకప్పు మూల నుంచి కిటికీ వరకు చెమ్మ దిగి పెచ్చులు ఊడుతున్నాయి. అప్పటి నుంచి క్యాలెండర్, గడియారం, టీవీ, గోడ మీది పెళ్లి ఫోటో, కిటికీలోంచి కనిపించే పక్క మేడ, ఇవన్నీ చూడకుండా నేను ఏ ప్రకటననూ నమ్మలేదు. కిటికీ బయట ఖాళీ స్థలం కనిపిస్తే ఆ చోటును ఉపగ్రహ పటంలో చూడండి. అక్కడ ఇప్పుడు అయిదు అంతస్తులు లేచి ఉండవచ్చు. ఫోటోను గూగుల్ లెన్స్‌లో వెతికితే అదే చిత్రం వేరే ఊరి ప్రకటనలో ఉందేమో కూడా తెలుస్తుంది.

పార్కింగ్ ఫోటో లేకపోతే అడిగి తెప్పించుకోండి. స్తంభాలకు మోకాలి ఎత్తు వరకు మాత్రమే వేరే రంగు కొత్తగా వేసి ఉంటే కారణం అడగండి. 2021 నవంబరు వానలకు తిరుపతిలో పల్లపు కాలనీలు ఎలా మునిగాయో చూసినవారిగా చెబుతున్నాను, ఆ నెల నీళ్లు ఎంతవరకు వచ్చాయని అమ్మకందారును కాకుండా వీధిలోని కిరాణా కొట్టు వారిని అడగడం మేలు.

విస్తీర్ణం దగ్గర కూడా జాగ్రత్త కావాలి. ప్రకటనలో 1,200 చదరపు అడుగులని రాస్తే అది చాలావరకు మెట్లు, లిఫ్టు, నడవా వంటి ఉమ్మడి చోట్లలో వాటాను కలిపిన సూపర్ బిల్టప్ లెక్క. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం కార్పెట్ ఏరియాను, అంటే ఫ్లాటు లోపల వాడుకునే చోటును, నిర్వచించింది. లోపలి అడ్డగోడలు అందులో చేరతాయి, బయటి గోడలు, బాల్కనీ, పైన తెరిచి ఉన్న మిద్దె చేరవు. రెండు ఫ్లాట్లను పోల్చేటప్పుడు రెండింటి కార్పెట్ ఏరియానే అడిగి, ధరను దానితో భాగించి చూడండి. దానితోపాటు స్థలంలో మీకు రిజిస్టరయ్యే అవిభాజ్య వాటా ఎన్ని గజాలో కూడా అడగాలి. పాత భవనాల విషయంలో రేపు విలువ నిలిచేది ఆ గజాల మీదే.

కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంటు అయితే మొదటి ప్రశ్న రెరా నంబరు. 2016 నాటి ఈ చట్టం ప్రకారం నమోదు కావలసిన ప్రాజెక్టు ప్రకటనలో ఆ నంబరు ఉండి తీరాలి. నంబరును ఆంధ్రప్రదేశ్ రెరా వెబ్‌సైట్‌లో వెతికితే నమోదు వివరాలు, అనుమతులు, పూర్తి చేస్తామని మాట ఇచ్చిన తేదీ కనిపిస్తాయి. ఆ తేదీని ప్రకటనలోని తేదీతో పోల్చండి. రిజిస్టరైన అమ్మకపు అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు కట్టేవారికి లేదు. అయితే స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు మించకపోయినా, ఫ్లాట్లు 8 దాటకపోయినా నమోదు తప్పనిసరి కాదు. మన ఊళ్లలో చిన్న స్థలాల్లో కట్టే అపార్ట్‌మెంట్లలో అటువంటివి ఉంటాయి కాబట్టి, నంబరు లేదన్నంత మాత్రాన మోసమని తేల్చేయకుండా, మంజూరైన ప్లాను ప్రతిని అడిగి అందులో ఎన్ని అంతస్తులు ఉన్నాయో, నేల మీద ఎన్ని లేచాయో లెక్కపెట్టండి.

పాత ఫ్లాటుకు లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు), ఇంటి పన్ను రసీదు, ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) సరిపోల్చాలి. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచి వస్తుంది. ఆ భవనంలో ఇతర ఫ్లాట్లకు ఏ బ్యాంకు రుణం ఇచ్చిందో కూడా కనుక్కోండి.

ప్రశ్న: ‘టుడా పరిధిలో 50 అంకణాల స్థలం, డీకేటీ క్లియర్, ఈ వారం మాత్రమే ఈ ధర’ అని ఒక ప్రకటన చూశాను. ధర మా స్తోమతకు సరిపోతుంది. ముందుగా టోకెన్ అడ్వాన్సు పంపమంటున్నారు. పంపవచ్చా? (ఒక పాఠకుడు, పలమనేరు)

జవాబు: పంపకండి. ఆ ఒక్క వాక్యంలోనే విడదీసి చూడవలసిన మాటలు మూడు ఉన్నాయి.

అంకణం మన వైపు అందరి నోటా వినిపించే కొలత. తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. మీ 50 అంకణాలు ఒక లెక్కలో 200 గజాలు, ఇంకో లెక్కలో 400 గజాలు అవుతాయి. సెంట్లలో చెప్పాలంటే ఒకటి నాలుగు సెంట్ల పైచిలుకు, రెండోది ఎనిమిది పైచిలుకు. ప్రకటన ధర ఏ అంకణానికో తెలియకుండా ‘చవక’ అనే మాటకు అర్థం లేదు. కాబట్టి గజాల్లోనూ, నాలుగు వైపుల కొలతల్లోనూ రాసి పంపమనండి. చెక్కుబందీ, అంటే నాలుగు హద్దులు, అడగడం మరవకండి.

‘టుడా పరిధిలో’ అన్నది ఆ స్థలం తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ సరిహద్దులో ఉందని మాత్రమే చెబుతుంది. ఆ లేఅవుటుకు, అంటే భూమిని ప్లాట్లుగా విడదీసిన పటానికి, అనుమతి ఉందో లేదో చెప్పదు. అనుమతి ఉంటే ఎల్.పి. నంబరు, అంటే లేఅవుటు అనుమతి సంఖ్య, ఉంటుంది. ఆ నంబరు, మంజూరైన లేఅవుటు నకలు, అందులో మీ ప్లాటు సంఖ్య, ఈ మూడూ చూపమనండి. ‘దరఖాస్తు చేశాము, వచ్చేస్తుంది’ అంటే వచ్చాకే మాట్లాడుకుందామని చెప్పండి. అనుమతి లేని లేఅవుటులో ఇల్లు కట్టుకోవడానికి ప్లాను కోసం వెళ్లిన రోజున ఎదురయ్యే చిక్కులు, ఇవాళ మిగిలినట్టు కనిపించే డబ్బుకన్నా పెద్దవి.

మూడోది డీకేటీ. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన పట్టా భూమిని మన జిల్లాల్లో ఆ పేరుతో పిలుస్తాము. 1977 నాటి 9వ చట్టం అటువంటి భూమిని అమ్మడాన్నీ కొనడాన్నీ నిషేధించింది. తర్వాత వచ్చిన సవరణలు కొన్ని షరతుల మీద కొందరికి వెసులుబాటు ఇచ్చాయి. ఆ వెసులుబాటు ఈ సర్వే నంబరుకు వర్తిస్తుందో లేదో తేల్చవలసినది న్యాయవాది, ప్రకటన రాసిన మధ్యవర్తి కాదు. సర్వే నంబరు తీసుకుని ప్రభుత్వ భూరికార్డులు ఉండే మీభూమి వెబ్‌సైట్‌లో 1-బి, అడంగల్ (భూమి ఎవరి పేరున, ఎవరి అనుభవంలో ఉందో చూపే రికార్డులు) చూడండి. తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 22-ఎ నిషేధిత ఆస్తుల జాబితాలో అదే నంబరు ఉందేమో వెతకండి. తిరుపతి చుట్టూ దేవాలయాల భూములు, మఠాల భూములు విస్తారంగా ఉన్నాయి. వాటిలో ఏళ్ల తరబడి వివాదాల్లో నలుగుతున్నవీ ఉన్నాయి. అందుచేత ఈ జాబితాను చూడకుండా మన ప్రాంతంలో ఎవరూ స్థలానికి రూపాయి కూడా ఇవ్వకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

సర్వే నంబరు అడిగితే ‘ముందు స్థలం చూడండి, తర్వాత చెప్తాం’ అనేవారున్నారు. అప్పుడు లొకేషన్ పంపమని అడిగి, ఉపగ్రహ పటంలో ఆ చోటు చుట్టూ చెరువు కట్ట, వంక, వాగు జాడ ఉందేమో చూడండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు కూడా చూడవచ్చు. ఎండాకాలం మైదానంలా కనిపించే నేల, వాన పడ్డ ఏడాది చిత్రంలో నీటి మడుగుగా తేలడం నేను చూశాను. ‘ఈ వారం మాత్రమే’ అన్న గడువును లెక్కలోకి తీసుకోకండి. పై పరీక్షలన్నింటికీ మీకు రెండు సాయంత్రాలు చాలు.

ప్రశ్న: యూనివర్సిటీ దగ్గర మా అబ్బాయికి గది కోసం చూస్తుంటే, చాలా తక్కువ అద్దెకు మంచి ఇల్లు కనిపించింది. యజమాని తాను సైన్యంలో ఉన్నానని, వేరే రాష్ట్రంలో పనిచేస్తున్నానని, ఇల్లు చూడటానికి గేటు పాసు కోసం 5,000 రూపాయలు పంపితే తర్వాత తిరిగి ఇస్తానని అంటున్నారు. గుర్తింపు కార్డు కూడా పంపారు. (ఒక తండ్రి, మదనపల్లె)

జవాబు: ఇది దేశమంతటా జరుగుతున్న మోసం. కార్డు దొంగిలించినదో, కల్పించినదో అయి ఉంటుంది. ఇల్లు చూడటానికి డబ్బు అడిగారంటే ఆ ఇల్లు వారి చేతిలో లేదనే అర్థం. ‘తిరిగి ఇస్తాను’ అంటూ క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటారు. మన ఖాతాలోకి డబ్బు రావడానికి మనం పిన్ నొక్కవలసిన అవసరం ఎప్పుడూ ఉండదని ఇంట్లో అందరికీ చెప్పండి. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ. అబ్బాయి గది కోసం యూనివర్సిటీ చుట్టుపక్కల వీధుల్లో ఒక పూట నడవండి. ఇంటి గేటుకు కట్టిన ‘టు లెట్’ బోర్డుల్లో చాలా భాగం ఏ వెబ్‌సైట్‌లోనూ కనిపించవు.

ప్రశ్న: నేను బెంగళూరులో ఉంటున్నాను. పదవీ విరమణ తర్వాత తిరుపతిలో స్థిరపడాలని ఉంది. ప్రకటనల్లో ఒకే వీధిలో ధరల మధ్య చాలా తేడా కనిపిస్తోంది. ఏది సరైన ధర అని తెలుసుకోవడం ఎలా? తమ్ముడు పుత్తూరులో ఉన్నాడు, అవసరమైతే వెళ్లి చూస్తాడు. (ఒక పాఠకుడు, బెంగళూరు)

జవాబు: ప్రకటనలో ఉన్నది అడిగే ధర. అమ్ముడైన ధర తెలుసుకోవడానికి వేరే దారులు వెతకాలి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ ప్రాంతానికి ప్రభుత్వం నిర్ణయించిన విలువ చూడవచ్చు. స్టాంపు డ్యూటీని ఆ విలువ, దస్తావేజులో రాసిన ధర, ఈ రెండింటిలో ఎక్కువైన దాని మీద లెక్కిస్తారు కాబట్టి, మీ ఖర్చు ఎంతకు తగ్గదో దానివల్ల తెలుస్తుంది. తర్వాత, అదే భవనంలో ఇటీవల చేతులు మారిన ఫ్లాట్ల ఈసీ తీసి చూడండి, అందులో దస్తావేజులో చూపిన మొత్తం ఉంటుంది. జనం అసలు ధరకన్నా తక్కువ చూపే అలవాటు ఉన్నందున దాన్ని కనీస హద్దుగా మాత్రమే తీసుకోవాలి. మూడోది మీ తమ్ముడు చేయగల పని. ఆ భవనంలో అద్దెకు ఉన్నవారిని అద్దె ఎంతో, ఎండాకాలంలో ట్యాంకరుకు ఎంత అవుతుందో, మునిసిపల్ నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయో అడగమనండి. పక్క ఫ్లాట్లు యాత్రికులకు రోజువారీ అద్దెకు ఇస్తున్నారా అన్నది కూడా కనుక్కోమనండి. విశ్రాంతి కోరుకునే వయసులో అర్ధరాత్రి సూట్‌కేసుల చప్పుడు, లిఫ్టు దగ్గర గుంపు ఎంత ఇబ్బందో వెళ్లాక తెలుసుకోకూడదు. ఆయన ఒక మంగళవారం మధ్యాహ్నం, ఒక శనివారం సాయంత్రం, రెండుసార్లు వెళ్తే మంచిది.

ప్రభుత్వ విలువ, ఈసీలోని మొత్తం, అద్దెను బట్టి మీరు కట్టుకున్న అంచనా, ఈ మూడు అంకెలు ఒక కాగితం మీద మీ ముందుకు వచ్చేవరకు ప్రకటనలో ఉన్న నంబరుకు ఫోన్ చేయకండి. వచ్చాక చేసి, ధర చెప్పమని వారినే అడిగి, వారు చెప్పింది ఆ కాగితం మీదే పక్కన రాసుకోండి.